ట్రావెల్స్ ఓనర్ గార్లకీ, డ్రైవర్ అన్నలకీ, ఫిట్‌నెస్ ఇచ్చే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గార్లకీ ఒక బహిరంగ లేఖ

విజయవాడ, గుంటూరు, ఏలూరు, ఖమ్మం వైపు నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌కి బండ్లు తిప్పే ట్రావెల్స్ ఓనర్ గార్లందరికీ, ఆ బండ్ల మీద రాత్రిళ్ళు డ్యూటీ చేసే డ్రైవర్ అన్నలకీ తమ్ముళ్ళకీ నమస్కారం. ఇందులో ఒక ముక్క రవాణా శాఖ వాళ్ళకి కూడా ఉంది, అది చివర్లో రాస్తా, ముందు మనం మనం మాట్లాడుకుందాం.

మా చుట్టాల్లో ఎవరి పిల్లలు పై చదువులకి వెళ్ళినా, ఎవరు గల్ఫ్ నుంచి సెలవుకి వచ్చినా బండి మాట్లాడే పని ఎందుకో నాకే పడుతుంది. మీ నంబర్లు నా ఫోన్‌లో తెల్ల ఎర్టిగా, గ్రే ఇన్నోవా, డిజైర్ బాబాయ్ అని సేవ్ అయి ఉంటాయి. నైట్ డ్రైవింగ్ ఎలా చెయ్యాలో మీకు చెప్పేంతవాణ్ణి కాదు, ఎన్‌హెచ్ 65 (మన విజయవాడ-హైదరాబాద్ హైవే) మీద ఎక్కడ గేదెలు అడ్డం వస్తాయో ఎక్కడ లారీ లైట్లు లేకుండా ఆగి ఉంటుందో మీకే బాగా తెలుసు. నేను అడిగేది రెండే రెండు. వెనక సీటు బెల్టు లాకులు సీటు కవర్ కింద నుంచి బయటికి తియ్యండి, బుకింగ్ తీసుకునేటప్పుడే లగేజీ ఎంతో అడగండి. ఈ రెండూ ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే ఇంత పెద్ద ఉత్తరం.

ముందు లగేజీ సంగతి. జులై ఆఖరు నుంచి ఆగస్టంతా, మళ్ళీ డిసెంబర్ చివర్లో జనవరి మొదట్లో మీకు సీజన్. అమెరికా వెళ్ళే స్టూడెంట్ ఒక్కడంటే 23 కిలోల పెట్టెలు రెండు, ఏడెనిమిది కిలోల క్యాబిన్ బ్యాగ్ ఒకటి, వీపున ల్యాప్‌టాప్ బ్యాగ్ ఇంకోటి, ఆ పెట్టెల్లోనే కందిపొడి, గోంగూర పచ్చడి, ప్రెషర్ కుక్కర్, రెండేళ్ళకి సరిపడా మందులు. దింపడానికి అమ్మా నాన్నా, చెల్లి, మేనమామ, "నేనూ వస్తారా, మళ్ళీ ఎప్పుడు చూస్తానో" అని నాయనమ్మ. ఖర్చు కలిసొస్తుందని పక్క వీధి కుర్రాణ్ణి కూడా ఇదే బండిలో ఎక్కిస్తే పెట్టెలే 92 కిలోలు, వాళ్ళ నాన్న ఇంకో సీటు.

ఫోన్ చేస్తే మీరడిగేవి మూడే, ఎంతమంది, పికప్ ఎక్కడ, ఏ టైమ్‌కి. బ్యాగులెన్ని అని అడిగిన ఓనర్‌ని నేను వేళ్ళ మీద లెక్కపెట్టాలి. "సెవెన్ సీటర్ పంపిస్తున్నా సార్, సరిపోద్ది" అంటారు. ఏది సరిపోద్ది అండీ, మనుషులా, పెట్టెలా? ఆర్సీలో ఏడు అంటే డ్రైవర్‌తో కలిపి ఏడు, మీరే సిక్స్ ప్లస్ వన్ అంటారుగా. ఆ ఆరుగురూ ఎక్కితే మూడో వరస సీటు లేపి ఉంచాలి, అది లేపి ఉంచితే వెనకాల మిగిలేది జానెడు చోటు. ఎర్టిగానే తీసుకోండి, మూడు వరసలూ లేచి ఉంటే డిక్కీ 209 లీటర్లు, మూడో వరస పడుకోబెడితే 550 లీటర్లు అని కంపెనీయే చెప్తుంది. పెద్ద ఫారిన్ పెట్టె ఒకటి సుమారు వంద లీటర్ల పైనే ఉంటుంది. అంటే నాలుగు పెట్టెలు పట్టాలంటే మూడో వరస పడుకోవాల్సిందే, అప్పుడు బండిలో ఎక్కేది డ్రైవర్ కాకుండా నలుగురు. ఇద్దరు స్టూడెంట్లు, ఇద్దరు పెద్దవాళ్ళు, అయిపోయింది. మిగతా వాళ్ళకి ఇంకో బండి, లేదంటే ఇంటి గుమ్మం దగ్గరే టాటా. ఈ లెక్క ఫోన్‌లో రెండు నిమిషాల పని, కానీ ఎవరూ చెయ్యరు, ఎందుకంటే చేస్తే కస్టమర్ పక్క ట్రావెల్స్‌కి వెళ్ళిపోతాడని భయం. నిజమే, వెళ్తాడు, వాళ్ళు కూడా "సరిపోద్ది" అనేవాళ్ళే కాబట్టి. అందుకే ఈ ఉత్తరం ఒక్కరికి కాకుండా అందరికీ కలిపి రాస్తున్నా.

ఫోన్‌లో చెయ్యని ఆ లెక్క రాత్రి పదకొండింటికి ఇంటి ముందు చెయ్యాల్సొస్తుంది. అప్పుడు ఏం జరుగుతుందో మీకూ తెలుసు నాకూ తెలుసు. డ్రైవర్ తమ్ముడు డిక్కీ తెరిచి ఒకసారి పెట్టెల వంక, ఒకసారి జనం వంక చూస్తాడు, మేనమామ గారు "అట్టా కాదు బాబూ నిలబెట్టు, నిలబెడితే పడద్ది" అంటారు, వీధిలో నలుగురు సలహాలిస్తారు, మొత్తానికి గోనె సంచిలో మిరపకాయలు తొక్కినట్టు తొక్కేసి డిక్కీ డోర్‌ని భుజంతో నెట్టి మూస్తారు. మిగిలిన క్యాబిన్ బ్యాగులు కాళ్ళ దగ్గర, ఒళ్ళో, మూడో వరసలో కూర్చున్న చెల్లి నెత్తి వెనకాల. బండి బయల్దేరుతుంది, అందరూ దణ్ణం పెట్టుకుంటారు.

ఆ నెత్తి వెనకాల పెట్టిన పెట్టె గురించి కొంచెం ఆగి ఆలోచించండి. బండి 50 స్పీడ్‌లో ఉండగా దేన్నో గుద్ది సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకుంటే లోపలున్న ప్రతి వస్తువూ తన బరువుకి పద్నాలుగు రెట్ల జోరుతో ముందుకి వస్తుంది, ఇది స్కూల్ ఫిజిక్స్ లెక్కే, ఎవరైనా వేసుకోవచ్చు. 23 కిలోల పెట్టె అప్పుడు మూడొందల కిలోల పైన దెబ్బ కొడుతుంది. పది కిలోల చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకున్న తల్లి ఆ క్షణంలో నూట నలభై కిలోలు పట్టుకోవాలి, ఏ తల్లి చేతులకీ అది సాధ్యం కాదు. ఇదంతా 50 స్పీడ్‌కి. మన హైవే మీద 50 లో ఎవరు పోతున్నారు, స్పీడ్ రెట్టింపైతే దెబ్బలో ఉండే శక్తి నాలుగింతలవుతుంది. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్ ఎక్కాక ఇంక చెప్పేదేముంది.

పెట్టెలు సర్దడం గురించి మీలో బాగా చేసేవాళ్ళని చూశాను, వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా. బరువైనవి అన్నిటికన్నా కింద, పడుకోబెట్టి, రెండో వరస సీటు వీపుకి ఆనించి పెట్టాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు, ఖాళీ ఉంటే బ్రేక్ వేసినప్పుడు ఆ జానెడు దూరంలోనే పెట్టె జోరందుకుంటుంది. తేలికవి పైన. మొత్తం ఎత్తు సీటు వీపు దాటకూడదు, దాటక తప్పకపోతే వల గానీ బెల్టు తాడు గానీ వేసి డిక్కీలో ఉండే కొక్కాలకి బిగించాలి. ఆ కొక్కాలు చాలా బండ్లలో ఉంటాయి, కార్పెట్ కింద మర్చిపోతారంతే. మూడో వరస మడతపెట్టే ముందు హెడ్‌రెస్ట్‌లు కిందకి దించాలి, బెల్టులు పక్క హుక్కుకి తగిలించాలి, లేకపోతే సీటు కింద నలిగి తర్వాత ట్రిప్‌కి బెల్టు బయటికే రాదు. అన్నిటికన్నా ముఖ్యం, సీటు వీపు లేపాక "టక్" మని లాక్ పడిందో లేదో చేత్తో పట్టుకుని గట్టిగా ముందుకి లాగి చూడాలి. నేను చూసిన బండ్లలో రెండో వరస సీటు ఒక పక్క లాక్ పడకుండా ఉట్టినే ఆని ఉండటం మామూలే, చూడ్డానికి నిటారుగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. దాని వెనకాల వంద కిలోల సామాను, దాని ముందు నాయనమ్మ.

రెండో వరసలో ఒక పక్క సీటు ఖాళీగా ఉండి వెనకాల లోడ్ ఉంటే ఆ ఖాళీ సీటుకి కూడా బెల్టు పెట్టేసి ఉంచండి, సీటు వీపుకి కొంచెం బలం. రెండో వరసలో ఒక ముక్క మడతపెట్టి పెట్టె పెడితే ఆ పక్కనే కూర్చున్న మనిషి మీదకి ఒరగకుండా కట్టాలి. నీళ్ళ సీసాలు, ఫ్లాస్కు, చెప్పులు డ్రైవర్ సీటు కింద పెట్టనివ్వకండి. లీటరు సీసా ఒకటి దొర్లి బ్రేక్ పెడల్ కిందకి పోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

సీఎన్జీ డిజైర్ల గురించి ఒక మాట. డిక్కీలో సగం పైన సిలిండరే, స్టెప్నీ కూడా ఎక్కడ పెట్టాలో తెలీక దాని మీదే పడేసి ఉంటుంది. గ్యాస్‌తో కిలోమీటర్‌కి మీకెంత మిగులుతుందో నాకు తెలుసు, దాన్ని తప్పు పట్టట్లేదు. కానీ అది ఎయిర్‌పోర్ట్ డ్రాప్ బండి కాదండీ, కనీసం ఇంటర్నేషనల్ డ్రాప్‌కి కాదు. పెట్టె పట్టక ముందు సీట్లో నిలబెడితే ఎడమ పక్క అద్దం కనపడదు, గేర్ మార్చేటప్పుడు మోచెయ్యి తగులుతుంది, వెనకాల నలుగురు ఇరుక్కుంటారు. ఇంకొంతమంది పెట్టెని సిలిండర్ మీదే కుక్కుతారు, వాల్వ్ ఉండే వైపు అయినా సరే. ఆ సిలిండర్‌కి మూడేళ్ళకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ప్రెషర్‌తో గట్టిదనం చూసే పరీక్ష) ఉందని మీకు తెలుసు, ఆ ప్లేట్ మీద డేట్ ఎంతమంది చూసుకుంటున్నారో మీ మనస్సాక్షికి వదిలేస్తున్నా. బుకింగ్‌లోనే "సార్ ఇది గ్యాస్ బండి, డిక్కీలో రెండు చిన్న బ్యాగులే పడతాయి" అని చెప్పేస్తే గొడవే లేదు. చెప్పరు. ఇంటి ముందుకొచ్చాక డిక్కీ తెరిచి చూపిస్తారు, అప్పటికి ఫ్లైట్ టైమ్ మాకు కాలుతూ ఉంటుంది, మీరు ఏం చెప్తే అది ఒప్పుకోవాలి.

పైన క్యారియర్ వేసే వాళ్ళు దయచేసి దాని మీద ఎంత బరువు పెట్టొచ్చో బండి మాన్యువల్‌లో చూడండి, మీరనుకునే దానికన్నా చాలా తక్కువ ఉంటుంది, రెండు ఫారిన్ పెట్టెలకే అయిపోవచ్చు. పైన బరువు పెరిగితే మలుపులో బండి ఒరుగుతుంది, ఎదురుగాలికి పట్టా ఎగిరి తాడు వదులవుతుంది. కట్టిన తర్వాత కాసేపు నడిపి ఒకసారి ఆపి మళ్ళీ బిగించాలి, టీ కోసం ఎలాగూ ఆపుతారు కాబట్టి పనిలో పని. బరువైన పెట్టె లోపల, తేలిక సంచులు పైన, దీనికి రివర్స్ చేసేవాళ్ళే ఎక్కువ, ఎందుకో మరి.

ఇప్పుడు అసలు విషయానికొస్తా, బెల్టులు.

కొత్త బండి షోరూమ్ నుంచి రాగానే మీరు చేసే మొదటి పని సీటు కవర్లు కుట్టించడం. పిల్లల వాంతులు, పాన్ మరకలు, కారిన సాంబార్ ప్యాకెట్లు, మీ బాధ అర్థమవుతుంది. కానీ ఆ కవర్ కుట్టేవాడు వెనక సీటుకి బెల్టు లాక్ వచ్చే చోట చీలిక పెట్టడు, ఒకవేళ పెట్టినా లాక్‌ని లోపలికి తోసేసి పైన కవర్ లాగి హుక్ వేసేస్తాడు. దాని మీద మళ్ళీ తెల్ల టవల్ పరుస్తారు. ప్యాసింజర్ బెల్టు లాగితే వస్తుంది, గుచ్చడానికి లాక్ ఉండదు. సీటు సందులో చెయ్యి పెట్టి వెతికితే చిప్స్ కవర్, ఎవరిదో చెవి దిద్దు, రెండు రూపాయి బిళ్ళలు దొరుకుతాయి గానీ లాక్ దొరకదు. మధ్య సీటుది అయితే అసలు పుట్టిందో లేదో కూడా తెలీదు.

పోయిన సీజన్‌లో మేం మాట్లాడుకున్న ఒక బండి, ఎవరిదో చెప్పను, వెనక మూడు లాకుల్లో రెండు కవర్ కింద కుట్టేసి ఉన్నాయి. డ్రైవర్ తమ్ముడు మంచోడే, "వెనకాల అక్కర్లేదు సార్, ఫైన్ ముందు వాళ్ళకే" అన్నాడు. ఓనర్‌కి ఫోన్ చేస్తే "ఇప్పుడు కవర్ ఇప్పితే మళ్ళీ కుట్టించాలి కదండీ, మావాడు మెల్లగా తీసుకెళ్తాడు లెండి" అన్నాడు. నాకు కోపం వచ్చింది ఆ మాటకే. మీ వాడు మెల్లగానే పోతాడు, ఎదురుగా రాంగ్ సైడ్‌లో వచ్చే ట్రాక్టర్ వాడికి మీరు ఫోన్ చేసి చెప్తారా?

చట్టం సంగతి చెప్తా, ఎందుకంటే "వెనక అక్కర్లేదు" అనే మాట చాలామంది నోట విన్నా. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 138వ రూల్ ప్రకారం ముందుకు తిరిగి ఉండే వెనక సీట్లలో వాళ్ళు కూడా బెల్టు పెట్టుకోవాల్సిందే. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 194బి సెక్షన్‌లో బెల్టు లేకపోతే ఫైన్ వెయ్యి రూపాయలు, 14 ఏళ్ళ లోపు పిల్లలకి బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా తీసుకెళ్తే ఇంకో వెయ్యి. చలానా రాయకపోవడం వేరే సంగతి, రూల్ లేదనుకోవడం వేరే సంగతి.

2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర జరిగింది మీ అందరికీ గుర్తుండే ఉంటుంది, టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ పోయింది ఆ యాక్సిడెంట్‌లోనే. మెర్సిడెస్ బండి, మనం ఎక్కే బండ్లకన్నా ఎన్నో రెట్లు ఖరీదు. వెనక సీట్లో ఉన్న ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు, ఇద్దరూ చనిపోయారు, ముందు సీట్లలో ఉన్న ఇద్దరూ గాయాలతో బతికారు. అంత పెద్ద బండే కాపాడలేకపోయింది. పైగా వెనక కూర్చున్న మనిషి బెల్టు లేకుండా ఉంటే ముందు సీట్లో ఉన్నవాడి వీపు మీదకే వచ్చి పడతాడు, అంటే మీరు బెల్టు పెట్టుకున్నా మీ వెనక డెబ్భై కిలోల మేనమామ ఉన్నాడు. డ్రైవర్ అన్నలూ, ఇది మీ ప్రాణం గురించి కూడా.

బెల్టు పెట్టుకోకపోయినా బీప్ శబ్దం రాకుండా లాక్‌లో గుచ్చే ఉత్తి క్లిప్పు ఒకటి ఉంది చూశారా, దేవుడి బొమ్మదో కంపెనీ లోగోదో. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ అయిదు ఆన్‌లైన్ కంపెనీలకి ఆర్డర్ ఇచ్చి ఈ క్లిప్పులు అమ్మే 13,118 లిస్టింగులు తీయించింది, అంత విచ్చలవిడిగా అమ్మారు. ఇప్పటికీ బండ్లలో కనపడుతూనే ఉంది. ఎయిర్‌బ్యాగ్ ఉందిగా అంటారు కొందరు. ఎయిర్‌బ్యాగ్ బెల్టుతో కలిసి పనిచెయ్యడానికి పెట్టింది, బెల్టు లేకుండా ముందుకి తూలిన మొహాన్ని అది ఎదురొచ్చి కొడుతుంది. ఇంకోటి, సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండ్లకి అక్కడ చిన్న ట్యాగ్ ఉంటుంది, దాని మీద గట్టి కవర్ కుట్టిస్తే బ్యాగ్ బయటికి రావడానికి దారుండదు, ఇది ఓనర్లు కొత్త బండి కొన్న రోజే కవర్ కుట్టేవాడికి చెప్పాల్సిన మాట.

డ్రైవర్ సీటు గురించి రెండు మాటలు చెప్తా, కోప్పడకండి. రాత్రి డ్యూటీలో చాలామంది సీటుని పడక్కుర్చీలా వాల్చేసి, చేతులు చాచి స్టీరింగ్ పట్టుకుని నడుపుతారు. కొంచెం పొట్టిగా ఉండే తమ్ముళ్ళు దానికి రివర్స్, స్టీరింగ్‌కి ఛాతీ ఆనించి కూర్చుంటారు. బండి బయల్దేరే ముందు వీపు సీటుకి ఆనించి చెయ్యి చాస్తే మణికట్టు స్టీరింగ్ పై అంచు మీద ఆనాలి, వీపు లేవకూడదు. బ్రేక్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. స్టీరింగ్ మధ్య నుంచి ఛాతీకి కనీసం పాతిక సెంటీమీటర్లు, అంటే జానెడు కన్నా కొంచెం ఎక్కువ, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి ఆ చోటు కావాలి. హెడ్‌రెస్ట్ తల వెనకాల ఉండాలి, మెడ వెనకాల కాదు, పై అంచు తల పై భాగం దాకా రావాలి. మెడ దిండ్లు పెట్టుకుని హెడ్‌రెస్ట్‌ని తీసి డిక్కీలో పడేసేవాళ్ళున్నారు, వెనక నుంచి లారీ తగిలితే మెడ విరిగేది అక్కడే. సీటు జరిపాక ఒకసారి ముందుకీ వెనక్కీ ఊగి లాక్ పడిందో లేదో చూసుకోండి, నడుస్తుండగా లివర్ లాగకండి. ఒకే బండి మీద ఇద్దరు మారే చోట ఈ పని ప్రతిసారీ చెయ్యాల్సిందే, అద్దాలతో సహా.

పక్క సీట్లో కూర్చునే నాన్నగారి సంగతి కూడా మీ చేతుల్లోనే ఉంది. సూర్యాపేట దాటాక ఆయన సీటు పూర్తిగా వాల్చేసి కాళ్ళు డ్యాష్‌బోర్డ్ మీద పెట్టి నిద్రపోతారు. బెల్టు పెట్టుకునే ఉన్నారు కదా అనుకుంటాం. కానీ సీటు అంత వాలితే భుజం మీద బెల్టు గాల్లో ఉంటుంది, గుద్దినప్పుడు మనిషి నడుం బెల్టు కింద నుంచి ముందుకి జారిపోతాడు, ఆ పట్టీ తుంటి ఎముక మీద ఉండాల్సింది పొట్టలోకి దిగుతుంది. కాళ్ళు డ్యాష్‌బోర్డ్ మీద ఉండగా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే మోకాళ్ళు ఎటు పోతాయో ఊహించుకోండి. "సార్, కొంచెం లేపండి, పడుకోవాలంటే వెనక్కి మారండి" అని మీరు చెప్తే వింటారు. మేం చెప్తే ఇంట్లో వాళ్ళం కాబట్టి వినరు. గర్భిణీ స్త్రీలు ఉంటే నడుం పట్టీ పొట్ట మీద నుంచి కాదు, పొట్ట కింద నుంచి పోవాలి, భుజం పట్టీ రొమ్ముల మధ్య నుంచి. తల్లీ బిడ్డా ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు వెయ్యకూడదు, తల్లి బరువంతా బిడ్డ మీదే పడుతుంది.

ఇంకో చిన్న సంగతి, దీన్ని పట్టించుకునేవాళ్ళని నేను అసలు చూళ్ళేదు. వెనకాల లోడ్ ఎక్కువైతే బండి తోక కిందకి దిగి హెడ్‌లైట్లు పైకి లేస్తాయి, ఎదురొచ్చేవాడి కళ్ళల్లో పడతాయి, వాడు మీకు డిప్పర్ కొడతాడు, మీరు లో బీమ్‌లోనే ఉన్నాగా అని వాణ్ణి తిట్టుకుంటారు. చాలా బండ్లలో స్టీరింగ్ పక్కన సున్నా, ఒకటి, రెండు అని చిన్న చక్రం ఉంటుంది, లోడ్‌ని బట్టి అది తిప్పితే లైటు కిందకి దిగుతుంది. అలాగే డ్రైవర్ డోర్ తెరిస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, ఫుల్ లోడ్‌కి టైర్లలో గాలి ఎంత అని అందులో విడిగా రాసి ఉంటుంది. రాత్రి బయల్దేరే ముందు బంకులో డీజిల్ కొట్టించేటప్పుడే అది చూస్కుంటే పోతుంది.

రవాణా శాఖ వాళ్ళకి. అయ్యా, ఎల్లో బోర్డు బండికి ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఇస్తున్నారు. లైట్లు చూస్తారు, హారన్ చూస్తారు, రిఫ్లెక్టర్ స్టిక్కర్ లేకపోతే వెనక్కి పంపిస్తారు. ఆ బండి మీ ముందు నిలబడ్డప్పుడే వెనక డోర్ తెరిచి ప్రతి బెల్టూ ఒక్కసారి లాగి లాక్‌లో గుచ్చి చూడండి, మూడో వరసవి కూడా. కవర్ కింద కుట్టేసి ఉంటే అక్కడికక్కడే చింపించండి, ఆ ఒక్క పని చేస్తే ఆర్నెల్లలో కవర్లు కుట్టేవాళ్ళే చీలిక పెట్టి ఇస్తారు, మీరు ఎవరికీ క్లాసులు చెప్పక్కర్లేదు. రోడ్డు మీద ఆపినప్పుడు ప్యాసింజర్‌కి వెయ్యి రాసే ముందు లాక్ బయటికి ఉందో లేదో చూడండి, లోపల కుట్టేసి ఉంటే ఆ తప్పు ప్యాసింజర్‌ది కాదు, బండి ఓనర్‌ది. సీజన్‌లో రాత్రిపూట చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్ గేటు దగ్గర ఒక గంట నిలబడితే చాలు, ఇందులో రాసిందంతా మీకు ఒక్క వరసలో కనపడుతుంది. ఆర్సీకి మించి మనుషుల్ని ఎక్కిస్తే 194ఏ కింద మనిషికి 200 ఫైన్ ఉంది, అది డబ్బు లెక్కలో వాళ్ళకి పెద్ద విషయం కాదు, అందుకే ఎక్కువైన మనిషిని దింపి వేరే బండి ఏర్పాటు చేశాకే కదలనివ్వాలి, చట్టం కూడా అదే అంటోంది.

ప్యాసింజర్లు సుద్దపూసలని నేను అనట్లేదు. అయిదొందలు తగ్గించమని బేరమాడి చిన్న బండి తెప్పించుకునేదీ మేమే, ఆఖరి నిమిషంలో ఇంకో ఇద్దరు చుట్టాల్ని ఎక్కించేదీ మేమే, బెల్టు పెట్టుకోమంటే చీర నలుగుతుందనేదీ మా ఇంటి వాళ్ళే. అందుకే అడుగుతున్నా, రూల్ మీరు పెట్టండి. బుకింగ్ వాట్సాప్ మెసేజ్‌లో పికప్ టైమ్‌తో పాటు ఇంకో రెండు లైన్లు పెట్టండి, పెద్ద పెట్టెలెన్ని, చిన్న బ్యాగులెన్ని, పిల్లలుంటే వయసెంత. పట్టకపోతే ఇన్నోవానో టెంపో ట్రావెలరో చెప్పి రేటు చెప్పండి, ఇస్తాం, ఇవ్వని వాణ్ణి వదిలెయ్యండి. ఇంటి ముందుకొచ్చాక ఎక్కువ జనం ఉంటే బండి కదపను అని చెప్పే హక్కు మీ డ్రైవర్‌కి ఇవ్వండి, అలా చెప్పినందుకు కస్టమర్ మీకు ఫోన్ చేసి అరిస్తే డ్రైవర్ వైపు నిలబడండి. ఇప్పుడు జరిగేది దానికి ఉల్టా, డ్రైవర్ కాదంటే ఓనర్ ఫోన్‌లో "సర్దుకుపో రా" అంటాడు, వాడు ఏం చేస్తాడు పాపం, సర్దుకుపోతాడు.

కవర్లు మార్చడానికి డబ్బులెక్కువవుతాయంటారేమో, మార్చక్కర్లేదు. లాక్ ఉన్న చోట బ్లేడుతో మూడు అంగుళాల చీలిక, అంచు పోగులు ఊడకుండా దర్జీతో ఒక కుట్టు. ఒక్కో బండికి అరగంట పని. వచ్చే సీజన్‌కి నేను మళ్ళీ మీకే ఫోన్ చేస్తా, బండి మాట్లాడే ముందు వెనక సీటు ఫోటో వాట్సాప్ చెయ్యమంటా, మూడు లాకులూ కనపడేలా. పంపించిన వాళ్ళకే అడ్వాన్స్.

ఇట్లు,
బెజవాడ నుంచి మీ పాత కస్టమర్